పేగు పరీక్ష కాగితం ఏం చెబుతుంది?

పొద్దుటి నుంచి కోడలు చెంబు పట్టుకోవడం అది ఆరోసారి. అత్త గమనించింది.

"ఏమైందే?" అని అడిగింది.

కోడలు తల దించుకుంది. "రెండు నెలల నుంచి ఇంతేనత్తా. బంకగా అవుతోంది. రక్తం కూడా పడుతోంది. రాత్రిళ్లు లేవాల్సి వస్తోంది. చెప్పడానికి సిగ్గేసింది."

"వేడి చేసిందేమో" అనుకుంది అత్త. కానీ కోడలి రవికలు వదులయ్యాయి. మొహం పాలిపోయింది. మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ మలం, రక్తం పరీక్ష చేయించింది. తరవాత కొలనోస్కోపీ చేయాలంది. అంటే పెద్దపేగును లోపలి నుంచి చూసే పరీక్ష. పెద్దపేగు సుమారు 5 అడుగుల పొడవు ఉంటుంది. వేలంత లావు గొట్టాన్ని మలద్వారం నుంచి మెల్లగా లోపలికి పంపుతారు. గొట్టం కొసన చిన్న దీపం, కెమెరా ఉంటాయి. పేగు శుభ్రం కావాలి కాబట్టి ముందుగా విరేచనాల మందు తాగిస్తారు. నొప్పి తెలియకుండా సాధారణంగా మత్తుమందు ఇస్తారు.

పరీక్ష అయ్యాక కాగితం ఇచ్చారు. అది ఇంగ్లీషులో ఉంది. డాక్టరమ్మ తెలుగులో చెప్పింది.

"పేగు లోపలి పొర ఎర్రబడి వాచింది. చిన్న పుండ్లున్నాయి. బయాప్సీకి పంపాం. అంటే బియ్యపు గింజకన్నా చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాం."

కోడలికి ఏడుపొచ్చింది. "ముక్క తీశారంటే క్యాన్సరా అమ్మా?"

"ముక్క తీసినంత మాత్రాన క్యాన్సర్ కాదు. పుండు చూడ్డానికి ఒకేలా ఉన్నా కారణాలు వేరు. అమీబా క్రిమి కావచ్చు. క్షయ కావచ్చు. క్షయ పేగుకూ వస్తుంది. కొందరికి ఒంటిని కాపాడే శక్తే పేగు మీద తిరగబడుతుంది. దానికి వాడే కొన్ని మందులు క్షయ ఉన్నవాళ్లకిస్తే క్షయ ముదురుతుంది. అందుకే ముందు ముక్క పరీక్ష చేస్తాం."

కొన్ని రోజులకు ఫలితం వచ్చింది. క్షయ లేదు. క్యాన్సర్ లేదు. జబ్బు పేరు అల్సరేటివ్ కొలైటిస్. కంచం నుంచి, చెంబు నుంచి ఇంకొకరికి అంటదు. పూర్తిగా పోకపోవచ్చు. మందులతో అదుపులో ఉంటుంది. తగ్గింది కదా అని మందు మానకూడదు.

కాబట్టి మలంలో రక్తం పడితే మొలలేనని ఊరుకోకండి. బంక, జ్వరం, కడుపునొప్పి, రాత్రి లేచి వెళ్లడం, బరువు తగ్గడం ఉంటే దాచకండి. ఆసుపత్రికి వెళ్లండి. ఈ నాలుగు మాటలు అడగండి:

వాపు ఎక్కడ ఉంది?
ముక్క తీశారా?
ఫలితం ఎప్పుడొస్తుంది?
మళ్లీ ఎప్పుడు రావాలి?

కోడలు కాగితాలన్నీ సంచిలో పెట్టి పెట్టెలో దాచింది. మళ్లీ రావలసిన తేదీని మాత్రం ఎవరినీ అడగలేదు. తానే చదువుకుంది.