పెన్న ఒడ్డు నుంచి సముద్ర పాఠం

సముద్రం గురించిన చదువు తీరంలోనే మొదలవ్వాలని లేదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బంగాళాఖాతానికి చాలా దూరాన, వానలు తక్కువ పడే నేల మీద ఉన్నాయి. అయినా ఇక్కడి వాగుల నీరు చివరకు చేరాల్సింది ఆ కడలికే. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టిన పెన్న హిందూపురం ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చి, పెనుకొండ వైపు రొద్దం మీదుగా సాగుతుంది. మొత్తం 597 కిలోమీటర్లు ప్రవహించి నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ధర్మవరం వైపు పారే చిత్రావతి కడప జిల్లాలో పెన్నను చేరుతుంది. ఏడాదిలో చాలాకాలం ఈ నదుల్లో కనిపించేది ఇసుకే. వరదొస్తే మాత్రం వంకల్లో పేరుకున్న ప్లాస్టిక్ సంచులు, సీసాలు కదులుతాయి. కొన్ని చెరువుల్లో, ఆనకట్టల దగ్గర ఆగిపోతాయి, మిగిలినవి కిందికి పోతాయి. అందుకే బడి పిల్లలు ఊరి వంకలో చెత్త ఏరి, రకాలవారీగా విడదీసి, లెక్క రాసుకోవడం సముద్ర విద్యకు చక్కని ఆరంభం. జాతీయ హరిత దళం కింద బడుల్లో నడిచే ఎకో క్లబ్బులకు ఇది సులువుగా అందే పని.

రెండో మెట్టు తీరంలో ఉంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ముఖ్యంగా జనవరి, మార్చి నెలల మధ్య రాత్రిపూట ఆంధ్ర తీరానికి వచ్చి, ఇసుకలో గుంట తీసి, ఒక్కొక్కటి సుమారు వంద గుడ్లు పెడతాయి. కుక్కలు, నక్కలు తవ్వేయకుండా అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థలు మత్స్యకారుల సాయంతో ఆ గుడ్లను హేచరీలకు తెచ్చి తిరిగి ఇసుకలో పూడుస్తాయి. దాదాపు 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వేడిగా ఉంటే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువ. అవి వెలుతురును బట్టి దారి పడతాయి కాబట్టి రోడ్డు దీపాలు వాటిని సముద్రానికి ఎదురు దిక్కున నడిపిస్తాయి. వాటిని నేరుగా నీళ్లలో వేయకుండా ఇసుక మీద నడవనిస్తారు. తీరంలో దీపం ఎందుకు ఆర్పాలో దగ్గరుండి చూసిన పిల్లవాడికి మళ్లీ చెప్పక్కర్లేదు. ఎన్ని ఉపన్యాసాలైనా ఇంత పని చేయలేవు.

అయితే తెలుసుకున్నంత మాత్రాన నడవడిక మారదు. మనసులో ముందే ఉన్న గౌరవాన్ని తట్టి లేపాలి. కూర్మావతారాన్ని కొలిచే శ్రీకూర్మం ఆలయం ఉన్న తీరంలో తాబేలు పరాయి జీవి కాదు. గుజరాత్‌లో 2004లో ప్రవచనకర్త మొరారి బాపు వేల్ షార్క్ అనే భారీ సొరచేపను పురిటికి పుట్టింటికొచ్చే ఆడబిడ్డతో పోల్చారు. అప్పటిదాకా దాన్ని వేటాడిన జాలర్లే వలలు కోసి విడిచిపెట్టసాగారు. అక్కడి అటవీశాఖ ఆ వలలకు పరిహారం ఇచ్చింది. ఈ పరిహారం సంగతి మరవకూడదు. పేదవాడి వల నష్టాన్ని పట్టించుకోని బోధన నిలవదు. ఆంధ్రప్రదేశ్‌లో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సాగే 61 రోజుల వేట నిషేధానికి ప్రభుత్వం భృతి ఇచ్చేది అందుకే.

హిందూపురం పిల్లలకు ఇలాంటి ఉదాహరణ చేరువలోనే ఉంది. చిలమత్తూరు మండలం వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఊరి నడుమ చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. సైబీరియా పక్షులని పిలిచినా ఇవి భారత ఉపఖండపు కొంగలే. గ్రామస్థులు వాటిని శుభంగా ఎంచి, తరతరాలుగా వేటగాళ్లను దగ్గరికి రానివ్వడం లేదు. తాబేళ్లలాగే ఇవి వచ్చేదీ జనవరి ప్రాంతంలోనే. కాబట్టి సంక్రాంతి సెలవుల తర్వాత ముందు వీరాపురంలో గూళ్లు లెక్కించి, ఆపై వీలైన బడులు నెల్లూరు తీరానికి వెళ్తే పాఠం వరుసగా సాగుతుంది.