మంద్రధ్వనికి గది పెట్టే మెలిక

స్టీరియో స్పీకర్ల బాస్, అంటే సుమారు 20 నుంచి 200 హెర్ట్జ్‌ల వరకు ఉండే మంద్రధ్వని, శ్రోత చెవిని చేరేలోగా స్పీకర్ నాణ్యత కంటే గది కొలతలకే ఎక్కువగా లోబడుతుంది. ధ్వని గాలిలో సెకనుకు దాదాపు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కనుక 34 హెర్ట్జ్‌ల స్వరానికి తరంగదైర్ఘ్యం సుమారు 10 మీటర్లు. అందులో సగమైన 5 మీటర్ల పొడవున్న గదిలో ఆ తరంగం ఎదురెదురు గోడలకు తగిలి వెనుదిరిగి, తనతో తానే కలిసి, స్థిర తరంగంగా నిలిచిపోతుంది. అప్పుడు అదే స్వరం గోడల దగ్గర హోరెత్తుతుంది, గది నడుమ కూర్చున్నవారికి మాత్రం దాదాపు వినిపించదు. ఇటుక గోడలు, కాంక్రీటు స్లాబు గల మన ఇళ్లలో ఈ బెడద మరింత ఎక్కువ. తెరలు, తివాచీలు పై స్వరాలను పీల్చుకోగలవే తప్ప ఇంత పొడవైన తరంగాలను ఏమీ చేయలేవు.

ఈ బెడదను తగ్గించేందుకు వాడే డిజిటల్ రూమ్ కరెక్షన్ పద్ధతిలో శ్రోత కూర్చునే చోట కొలత మైక్రోఫోన్ నిలిపి, అట్టడుగు స్వరం నుంచి పైస్వరం దాకా క్రమంగా పెరిగే ధ్వనిని స్పీకర్ల ద్వారా వినిపించి, ఏ పౌనఃపున్యం ఎంత పెరిగిందో, ఎంత తగ్గిందో కంప్యూటర్‌లో లెక్కగడతారు. ఉచితంగా లభించే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఈ కొలతకు చాలు. ఉబ్బిన స్వరాన్ని అంతే మేరకు తగ్గించే ఫిల్టర్‌ను, అంటే ఎంచుకున్న పౌనఃపున్యాల స్థాయిని మార్చే గణిత ప్రక్రియను, సంగీతం ఆంప్లిఫయర్‌ను చేరకముందే ప్రయోగిస్తారు. ఫిల్టర్ గది అనునాదానికి సరిగ్గా సరిపోతే ఆ స్వరం హోరు తగ్గడమే కాక, ఆగిన తరువాత కూడా మూలుగుతూ ఉండే దాని తోక సైతం పొట్టిదవుతుంది.

పల్లాల, అంటే స్థాయి పడిపోయిన స్వరాల, సంగతి వేరు. స్పీకర్ ముందుభాగం దాని వెనుకనున్న గోడకు 1 మీటరు దూరంలో ఉంటే, గోడను తాకి తిరిగివచ్చే ధ్వని 86 హెర్ట్జ్‌ల దగ్గర నేరుగా వచ్చే ధ్వనికి ఎదురై దానిని చాలావరకు రద్దు చేస్తుంది. అక్కడ స్థాయి పెంచితే ప్రతిఫలించే ధ్వని కూడా అంతే పెరిగి రద్దు యథాతథంగా సాగుతుంది. పైగా 10 డెసిబెల్‌ల పెంపుకు ఆంప్లిఫయర్ పదింతల శక్తి ఇవ్వాలి, స్పీకర్ కోన్ తన హద్దు దాటి ఊగాల్సి రావచ్చు. ఈ సంగతి చెప్పకుండా సాఫ్ట్‌వేర్‌తో ఏ గదినైనా సరిచేయవచ్చనే ప్రచారం నమ్మదగినది కాదు.

ఒకే బిందువు దగ్గర కొలిచి దిద్దితే పక్క కుర్చీలో బాస్ చెడవచ్చు కనుక పలుచోట్ల కొలిచి సగటు తీయడం మేలు. ఖర్చు లేని మార్గం కుర్చీని, స్పీకర్లను జరిపి చూడటం. అది ముందు చేసి, అప్పటికీ మిగిలిన ఉబ్బులను మాత్రమే ఫిల్టర్లకు అప్పగించాలి.