చేతులకు ఓ సెలవు రోజు

"ఆదివారం మగవాళ్లకు సెలవు, పిల్లలకు ఆట, మనకు రెండు కూరలు ఎక్కువ" అంటూ ఉంటుంది మా అక్క. అక్క అంటే తోడబుట్టినది కాదు, మా బావగారి భార్య. పుస్తకాల్లో తోడికోడలు అంటారు, మా వరంగల్ వైపు యారాలు అంటాం. పదిహేనేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాం. పెళ్లిళ్లకు వెళ్లాం, చావులకు వెళ్లాం, ఆస్పత్రులకు ఎన్నిసార్లు వెళ్లామో లెక్కే లేదు. కానీ కేవలం మా ఇద్దరి కోసమని గడప దాటింది మాత్రం ఎప్పుడూ లేదు.

మా అత్తమ్మ పక్షవాతంతో మూడేళ్లు మంచంలో ఉంది. పొద్దున అక్క, సాయంత్రం నేను నువ్వుల నూనె గోరువెచ్చ చేసి ఆమె కాళ్లూ చేతులూ మర్దన చేసేవాళ్లం. కిందటేడు ఆమె వెళ్లిపోయాక కూడా చాలా రోజులు, ఆరు గంటలయ్యేసరికి అక్క చేయి నూనె సీసా మీదికి పోయేది.

సంవత్సరీకం అయ్యాక, దసరాకు ముందు, "ఒకరోజు హైదరాబాద్ పోయొద్దామా అక్కా? ఏ పనీ పెట్టుకోకుండా. ఒళ్లు పట్టించుకుని, మంచిగా తిని వద్దాం" అన్నాను. "పైసలిచ్చి ఒళ్లు పట్టించుకుంటరా ఎవరన్న? నలుగురు వింటే నవ్వుతరు" అంది అక్క. ఏడాదంతా పండుగలు లేవు కనుక ఇద్దరికీ చీరల డబ్బు మిగిలే ఉంది. ఆ సంగతి గుర్తు చేశాక కాస్త మెత్తబడింది.

హనుమకొండలో తెల్లవారుజామున ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాం. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు ప్రయాణం ఉచితం కదా. కండక్టరు ఆధార్ చూసి సున్నా టికెట్ చేతిలో పెట్టాడు. దారి పొడుగునా అక్క ఫోన్‌లో ఇంటికి సూచనలిస్తూనే ఉంది. పాలు కాచారా? కుక్కర్‌కు రబ్బరు పెట్టారా? జనగామ దాటాక ఫోన్ నా సంచిలో వేసేసుకున్నాను.

ఉప్పల్‌లో దిగి ఇరానీ హోటల్లో కూర్చున్నాం. టీ డికాక్షన్‌ను మూత బిగించిన గిన్నెలో సన్నని సెగ మీద చాలాసేపు మరగనిస్తారు. పాలు వేరే గిన్నెలో చిక్కబడతాయి. రెండూ కలిసేది కప్పులోనే. అందుకే ఆ టీకి ఆ రంగు, ఆ చిక్కదనం. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరు మోస్తున్న ఉస్మానియా బిస్కట్లు రెండు ముంచుకు తిన్నాం. కొంచెం తీపి, కొంచెం ఉప్పన. "ఇంట్ల చాయ్ ఎప్పుడన్న వేడిగ తాగినమా?" అంది అక్క. నిజమే, అందరికీ ఇచ్చి మన కప్పు తీసుకునేసరికి అది చల్లారిపోతుంది.

మెట్రోలో అమీర్‌పేట చేరి, ముందుగానే ఫోన్ చేసి పెట్టుకున్న ఆడవాళ్ల పార్లర్‌కు వెళ్లాం. ఈ రోజుల్లో ప్రతి బోర్డు మీదా 'స్పా' అని ఉంటుంది. అది బెల్జియంలో నీటిబుగ్గలకు పేరుపడ్డ ఓ ఊరి పేరు. మనకు మాత్రం ఈ సంగతులు కొత్తా చెప్పండి? నువ్వుల నూనె, పెసరపిండి, పసుపు, కుంకుడుకాయ పులుసు అన్నీ ఉన్న తలంటు మనది. తేడా ఒక్కటే. తలంటులో ఇంటిల్లిపాదికీ ఒళ్లు రుద్దే మనిషి, తన వంతు వచ్చేసరికి వేణ్ణీళ్లు లేక నాలుగు చెంబులు పోసుకుని వంటింట్లోకి పరుగెత్తేది.

ముందు పాదాల సేవ. వేడినీళ్ల తొట్టిలో కాళ్లు పెట్టినంతసేపు అక్క బాగానే ఉంది. ఆ అమ్మాయి పాదం పట్టుకోగానే చటుక్కున వెనక్కి లాక్కుంది. "కాళ్లు పట్టుకోకు బిడ్డా, పాపం తగుల్తది." ఆ అమ్మాయి నవ్వి, "మా అమ్మ కాళ్లనుకుంటా లెండి" అంటూ మడమల పగుళ్లు మెల్లగా రుద్దడం మొదలుపెట్టింది.

తర్వాత మర్దన. మధ్యలో ఓ తెర, అటు అక్క, ఇటు నేను. కాసేపటికి అటునుంచి మాటలు వినిపించాయి.

"మీరు కుట్టుపని చేస్తారా మేడమ్? బొటనవేలి మొదట్లో కండ బాగా బిగుసుకుపోయింది."

అక్క వెంటనే జవాబు చెప్పలేదు. తర్వాత అంది, "మా అత్తమ్మకు ఒళ్లు పట్టేదాన్ని. మూడేండ్లు."

ఆ తర్వాత మాటల్లేవు. చాలాసేపటికి తెలిసింది, అక్క ఏడుస్తోందని. ఆ అమ్మాయి ఏమైందని అడగలేదు, చేతులు ఆపలేదు. మరింత మెల్లగా పట్టింది.

"చెల్లే, వింటున్నవా?" అంది అక్క తెర అవతలి నుంచి. "ఇంత నిదానంగ నేనెప్పుడు పట్టలే. పిల్లల డబ్బాలకు ఆలస్యమైతదని గబగబ పట్టిన దినాలే ఎక్కువ. నేను పట్టుడు అయిపోంగనే అత్తమ్మ బాగున్న చేత్తోని నా చెయ్యి పట్టుకుని ఒత్తేది. ఏమన్న కావాల్నా, నీళ్లియ్యాల్నా అని అడిగి, చెయ్యి గుంజుకునేదాన్ని. ఆమెకేం కావాలని కాదు చెల్లే. నా చెయ్యి నొస్తదని పట్టింది."

నాకు గొంతు పెగల్లేదు. ఎందుకంటే సాయంత్రాలు నా చేయీ అలాగే ఒత్తేది, నేనూ అలాగే లాక్కునేదాన్ని.

లేచాక అక్క ఆ అమ్మాయి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. "దినమంత మందికి పడ్తవు. నీ చేతులు ఎవరు పడ్తరు బిడ్డా?" "ఊరికి పోతే మా అమ్మ" అంది నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చిన ఆ పిల్ల, సిగ్గుపడుతూ.

అన్నట్టు, మీరూ వెళ్లదలిస్తే నాలుగు మాటలు. ధర, సమయం ముందే అడిగి తెలుసుకోండి. మర్దన చేసేది ఆడవాళ్లేనా, తువ్వాళ్లు ఉతికినవేనా చూడండి. కడుపు నిండా తిని వెళ్లొద్దు. గర్భవతులు, గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరును అడిగాకే వెళ్లాలి. ఒక కాలు వాచి, ఎర్రబడి నొప్పిగా ఉంటే మర్దన అసలే వద్దు, ముందు డాక్టరుకు చూపించాలి. మధుమేహం ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గవచ్చు కనుక, నీళ్ల వేడి మోచేత్తో చూసుకోవాలి. ఆనెలను బ్లేడుతో చెక్కనివ్వకూడదు.

నాంపల్లిలో దిగి బిర్యానీ తిన్నాం. మసాలా, పెరుగు పట్టించిన పచ్చి మాంసం మీద సగం ఉడికిన బియ్యం పరిచి, మూత అంచుకు పిండి పూసి దమ్ మీద ఉంచే కచ్చి బిర్యానీ. పక్కన మిర్చీ కా సాలన్. అక్క నాలుక మీద వేసుకుని, "పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి, చింతపండు" అని లెక్కపెట్టేసింది. చివర్లో ఎండు జల్దారు పళ్లతో చేసిన ఖుబానీ కా మీఠా. రుచి సంగతి అటుంచి, మధ్యలో ఒక్కసారి కూడా లేవకుండా భోజనం చేశాం. ఆ సుఖం ఎంతటిదో మీకు వేరే చెప్పాలా?

అక్కణ్నుంచి మొజంజాహీ మార్కెట్. 1935లో కట్టిన రాతి కట్టడం, ఏడో నిజాం రెండో కొడుకు మొజంజా పేరు పెట్టారు. సీతాఫలాల కాలం కదా, కుర్చీలేసుకుని సీతాఫలం ఐస్‌క్రీమ్ తింటూ వచ్చేపోయేవాళ్లను చూస్తూ కూర్చున్నాం. సాయంత్రం చార్మినార్ పక్కన లాడ్ బజార్‌కు వెళ్లాం. ఇక్కడి లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కిందటేడు మేం బతుకమ్మ ఆడలేదు. ఈసారికని అక్క ఎర్రరాళ్ల జత ఎంచుకుంది. ఎప్పుడూ సబ్బు రాస్తే గానీ ఎక్కని గాజు, నూనె పట్టిన చేతికి ఇట్టే ఎక్కింది.

రాత్రి ఇల్లు చేరేసరికి పప్పు మాడిన వాసన. అయినా అందరూ తిన్నారు, గిన్నెలు కూడా కడిగి పెట్టారు. కొంప మునగలేదు!

రోజూ హైదరాబాద్ ఎవరు పోతారు? పోలేం. అందుకే మరుసటి ఆదివారం మధ్యాహ్నం, అత్తమ్మ నూనె గిన్నె ఏడాది తర్వాత మళ్లీ స్టవ్ ఎక్కింది. అరగంట అక్క చేతులు నేను పట్టాను, అరగంట నా చేతులు అక్క పట్టింది. ఇద్దరం చేయి లాక్కోలేదు.