గలీసియా తీరమున ద్రాక్షపందిళ్లు, వైనుశాలలు

ద్రాక్ష వేడిమిని కోరు పంట యని మనవారి నమ్మకము. హైదరాబాదు పరిసరములందలి అనాబెషాహి తోటలను చూచినవారి కట్లు తోచుట సహజమే. కాని స్పెయిను దేశపు వాయవ్యమూలను, అట్లాంటికు మహాసముద్రపు టొడ్డున, గలీసియా యను సీమ యొకటి కలదు. అచ్చట వేసవియు చల్లగనే యుండును. వాన మెండు. సముద్రము మీది తడిగాలి తోటలను విడువదు. అట్టి చోట రైతులు అల్బరీన్యో యను తెల్లద్రాక్షను పండించి, దాని రసముతో లోకమంతట పేరుగన్న వైను చేయుచున్నారు. ఏటేట అనేకులు ఆ వైనుశాలలను చూడబోవుదురు. వారిలో పెక్కురు రుచి చూచుటకే పోవుదురు గాని, సేద్యము తెలిసినవాడు పోయినచో నతనికి చూడదగినవి వేరే యున్నవి. ఈ పత్రిక చదువువారిలో మద్యము ముట్టనివారు పెక్కురు కలరు. ఈ వ్రాయువాడును ఆ కోవలోనివాడే. కావున నిచ్చటి ప్రసంగము పంటను గూర్చియే గాని పానమును గూర్చి కాదు.

సముద్రము నదీలోయలలోనికి చొచ్చుకొని వచ్చుటచే నేర్పడిన పొడవైన పాయలను అచ్చటివారు రియా లందురు. పొంతెవెద్ర జిల్లాలోని ఈ పాయల ప్రాంతమునకు రియాస్ బైషాస్ అని పేరు. ఈ పేరునకు 1988లో చట్టరక్షణ కలిగినది. ఆ యెల్లలలో పండిన ద్రాక్షతో, నిర్ణీతమైన నిబంధనల చొప్పున చేసిన వైనుకే ఆ పేరు పెట్టవలెను. మన బనగానపల్లె మామిడికి 2017లో లభించిన భౌగోళిక గుర్తింపును ఎరిగినవారికి దీని ప్రయోజనము వేరుగ చెప్పనక్కరలేదు.

తోటలో కాలిడగానే మనవాడు ఆశ్చర్యపడును. ఏలయన అచ్చటను పందిళ్లే! గ్రానైటు రాతిస్తంభములు నాటి, వానిపై తీగెలు లాగి, ఆరేడడుగుల యెత్తున ద్రాక్షను ప్రాకింతురు. పందిరి యొక్కటే గాని దానిని వేయు కారణము వేరు. మన పందిరి ఆకులు గుత్తులను తీవ్రమైన యెండనుండి కాపాడును. వారి పందిరి గుత్తులను తడినేలకు దూరముగ నుంచి, క్రిందుగ గాలి ఆడనిచ్చి, తడి యార్చును. అచ్చటి రైతునకు ప్రధానశత్రువు బూజుతెగులు. ఈ తెగులు పందొమ్మిదవ శతాబ్దమున అమెరికానుండి ఐరోపాకు వచ్చినది. దానికి మందుగా మైలుతుత్తము, సున్నము కలిపిన బోర్డో మిశ్రమమును 1885లో ఫ్రాన్సు దేశపు మిల్లార్దే పండితుడు ప్రకటించెను. నేడు మన తోటలలోను చల్లుచున్నది ఆ మిశ్రమమే. నేల గ్రానైటు చితికి యేర్పడిన ఇసుకనేల యగుటచే ఎంత వాన కురిసినను నీరు నిలువదు. లేనిచో ఆ సీమలో ద్రాక్ష బ్రతుకుట కష్టము. పూర్వము పందిళ్ల క్రింద బంగాళాదుంప, మొక్కజొన్న, కూరాకులు పండించి రైతులు పొట్టపోసికొనెడివారు. నేడు చాలచోట్ల పచ్చిక మాత్రమే పెంచుచున్నారు.

ఇంత చల్లనిచోట పండిన కాయకు గిరాకి యేల? ద్రాక్ష పచ్చిగ నున్నపుడు పులుపు మెండు. పండిన కొలది తీపి పెరుగును, పులుపు తగ్గును. వేడిసీమలో తీపి వేగముగ నెక్కును గాని పులుపు అంతకంటె వేగముగ క్షయించును. చల్లనిసీమలో పండుట నెమ్మది. తీపి చాలినంత చేరునప్పటికిని పులుపును పరిమళమును నిలిచియుండును. అల్బరీన్యో వైను యొక్క ఖ్యాతి యంతయు ఆ పులుపునందే యున్నది. కోత సెప్టెంబరులో వచ్చును. అప్పటికి శరత్కాలపు వానలు సమీపించును. నాలుగు దినములు ముందు కోసినచో కాయ మిక్కిలి పులుపు. నాలుగు దినములు తాళినచో వాన పట్టి గుత్తులు కుళ్లవచ్చును. సంవత్సరపు కష్టమంతయు ఆ నాలుగు దినములపై నాధారపడియుండును.

కోత చేతితోనే. చేతులు పైకెత్తి, దినమంతయు గుత్తులు కత్తిరింపవలెను. ఇరువది కిలోలకు మించని చిన్న పెట్టెలలో నింపుదురు; ఎక్కువ పోసినచో పైబరువునకు అడుగు కాయలు చితికి, రసము కారి, పులియనారంభించును. వైనుశాలకు చేరగనే తూకము వేసి, రసములోని తీపిని పరీక్షించి, కుళ్లిన గుత్తుల నేరివేయుదురు. పిమ్మట గాలితో ఉబ్బు సంచి గల యంత్రము ద్రాక్షను మెల్లగ నొత్తును. గింజ నలిగినచో రసము వగరెక్కును. రసమును చల్లబరచి మడ్డి తేరనిచ్చి, ఉక్కుతొట్లలో పులియబెట్టుదురు. ఈస్టు తీపిని తిని సారముగను వాయువుగను మార్చునపుడు వేడి పుట్టును. ఆ వేడి మితిమీరినచో పరిమళము గాలిపాలగును. అందుచే తొట్లచుట్టు చల్లని ద్రవము ప్రవహింపజేసి, సుమారు 15 నుండి 18 డిగ్రీలలో నుంచుదురు. పరిమళము నిలుపునది ఈ చలువయంత్రమే. ఖర్చంతయు దానిదే.

ఇక అసలు విషయమునకు వత్తము. ఆ ప్రాంతమున ద్రాక్షభూమి సుమారు పదివేల యెకరములు. రైతులు సుమారు 5,000 మంది. మడులో, 20,000కు పైగా! తండ్రి భూమిని బిడ్డలు పంచుకొనుచు వచ్చుటచే సగటున నొక్కొక్కనికి రెండెకరములు మిగిలినవి. అదియు నాలుగైదు ముక్కలుగ. ఇట్టి రైతు చలువతొట్లు ఎట్లు కొనగలడు? కంబాదోస్ పట్టణమందలి ఫెఫిన్యానెస్ సౌధమువంటి గొప్ప యింటివారు 1928లోనే తమ వైనుకు పేరు నమోదుచేసికొని సీసాలలో నమ్మగలిగిరి. చిన్నరైతు ఇంటిలో కొంచెము చేసికొని, మిగిలిన కాయను వచ్చిన ధరకు ఇచ్చెడివాడు. కోసిన కాయ రెండుదినములు నిలువదని కొనువానికిని తెలియును గదా! ఈ చిక్కు తీర్చుకొనుటకే ఆ పట్టణమున 1986లో కొన్ని రైతుకుటుంబములు కూడి, మర్తీన్ కొదాష్ అను పూర్వకవి పేరిట నొక వైనుశాలను స్థాపించిరి. 1988లో కొందేస్ దె అల్బరేయి యను సహకార వైనుశాల యేర్పడినది. ఇట్టి చోట్ల తొట్లు, యంత్రములు, తెలిసిన పనివారు, సీసాపై పేరు అన్నియు ఉమ్మడి.

ఉమ్మడి యన్నంతనే పని సాగదు. ఇట్టి సంఘములలో సభ్యుడు పంటయంతయు సంఘమునకే తేవలెననుట సాధారణ నిబంధన. బయట ధర హెచ్చిన యేడు వర్తకునికి, తగ్గిన యేడు సంఘమునకు కాటా వేయు సభ్యులను మన ప్రాంతమున నేను చూచియున్నాను. అట్టివారు పదుగురున్నచో తొట్లు సగము వట్టివై, అప్పు మాత్రము నిండుగ నుండును. పరీక్షలో తీపి తగ్గినదని తేలినపుడు గుమస్తాపై కోపపడుటయు మనవారిలో కలదు. ఒకని కుళ్లిన గుత్తి అందరి రసమును చెరచునని పరీక్షకుని యెదుట నిలిచిన రైతునకు తెలియకపోవునా?

చూడబోవువారు ముందుగ జాబు వ్రాసి దినము నిశ్చయించుకొనవలెను. రుచి చూపు గదిలో వైనును నోట పుక్కిలించి పాత్రలో నుమిసివేయుట మర్యాదయే. వాసన మాత్రము చూచి గ్లాసు దించినను ఎవరును తప్పుపట్టరు. కంబాదోస్‌లో ఆగస్టు మాసమున 1953 నుండి జరుగుచున్న అల్బరీన్యో ఉత్సవము వేడుక కోరువారికి తగును. రైతు మాత్రము సెప్టెంబరులో పోవలెను. అప్పుడు పనివారికి తీరిక యుండదు గనుక, తాను సేద్యగాడనని ముందే తెలిపి, పెట్టెలు దించి తూచుచోట నొక పూట నిలువ ననుమతి కోరవలెను.