హాలోవీన్ జెల్లీ షాట్లు సరిగ్గా పేరుకోవాలంటే

అమెరికాలో అక్టోబర్ 31 దగ్గరపడుతోందంటే పెద్దల కోసం హాలోవీన్ పార్టీ పెట్టుకునే ఇళ్లలో ఫ్రిజ్ అరలు ఖాళీ చేయడం మొదలవుతుంది. చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో పోసిన జెలటిన్ షాట్లకు చోటు కావాలి మరి. జెల్లీలో వోడ్కానో రమ్మో కలిపి కనుగుడ్లలా, పురుగుల్లా, నెత్తురు నింపిన సిరంజిల్లా తయారుచేస్తారు. న్యూజెర్సీ, డాలస్ వైపు ఉండే తెలుగువాళ్లకూ ఇప్పుడు ఇది కొత్త సరదా కాదు. 2024లో అయితే దీపావళీ హాలోవీనూ ఒకే రోజు వచ్చాయి.

మొదటిసారి చేసేవాళ్లు అడిగే ప్రశ్నలు చాలావరకు ఒకటే. జెల్లీ ఎందుకు పేరుకోలేదు? పొరలు ఎందుకు కలిసిపోయాయి? వోడ్కా ఇంకాస్త పోయొచ్చా? నా ఉద్దేశంలో ఈ చివరి ప్రశ్నలోనే మొదటి ప్రశ్నకు సగం జవాబు ఉంది. మందు తగ్గిస్తే జెల్లీ కుదురుతుంది, నోట్లో హాయిగా కరుగుతుంది, వచ్చినవాళ్లు తమ స్పృహలో తాము ఇంటికి వెళతారు.

అసలు జెల్లీ ఎందుకు పేరుకుంటుంది?

జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల్లోని కొల్లాజెన్ నుంచి వస్తుంది. కొల్లాజెన్‌లో మూడేసి ప్రొటీన్ పోగులు ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి. ఉడికిస్తే ఆ పెనవేత విడిపోతుంది. అలా విడిపోయిన పోగులే జెలటిన్. వేడినీళ్లలో అవి విడివిడిగా తిరుగుతుంటాయి. చల్లారేకొద్దీ అక్కడక్కడా మళ్లీ మెలికలు పడి, ఒక వలగా అల్లుకుని, నీళ్లను తమ మధ్య బంధిస్తాయి. నీళ్లు ఎక్కడికీ పోలేదు, కదల్లేకపోతున్నాయి అంతే. దాదాపు 35 డిగ్రీల సెల్సియస్‌కు ఆ వల మళ్లీ విడిపోతుంది. మన ఒంటి వేడి 37 కాబట్టి నమలకుండానే నాలుక మీద కరుగుతుంది. జెలటిన్‌కు ఇంత పేరు రావడానికి ఈ గుణమే కారణం.

మందుతో జెల్లీ చేయడం ఈనాటిది కాదు. అమెరికన్ బార్టెండర్ జెర్రీ థామస్ 1862లో అచ్చు వేసిన పుస్తకంలోనే పంచ్ జెల్లీ చేసే పద్ధతి ఉంది. తియ్యగా ఉందని ఎక్కువ తినేసి నాట్యానికి పనికిరాకుండా పోయినవాళ్లున్నారని ఆయన అప్పుడే హెచ్చరించాడు. ఇప్పుడు అందరూ వాడే జెల్-ఓ అనే తీపి జెలటిన్ పొడి 1897లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెరాయ్ అనే ఊళ్లో పుట్టింది. 1950లలో సైన్యంలో ఉండగా, మద్యం తేకూడదన్న నిబంధనను తప్పించుకోవడానికి వోడ్కా జెల్లీ చేశామని గాయకుడు, గణిత ఉపాధ్యాయుడు టామ్ లెహ్రర్ చెప్పేవాడు.

వోడ్కా ఎప్పుడు పోయాలి, ఎంత పోయాలి?

85 గ్రాముల జెల్-ఓ పొట్లం ఒకటి తీసుకోండి. ఒక కప్పు, అంటే 240 మిల్లీలీటర్ల నీళ్లు బాగా మరగనిచ్చి, పొయ్యి ఆపి, పొడి వేసి రెండు నిమిషాలపాటు ఆపకుండా కలపండి. చాలామంది అర నిమిషం కలిపి వదిలేస్తారు. పైకి కరిగినట్టే ఉంటుంది కానీ గరిటె ఎత్తి చూస్తే దాని వెనక సన్నటి పలుకులు అంటుకుని కనబడతాయి. అవి పోయేదాకా కలపాల్సిందే. తర్వాత అర కప్పు చన్నీళ్లు పోసి, గిన్నె గోరువెచ్చగా అయ్యాక అర కప్పు వోడ్కా కలపండి. ముప్పయ్యేసి మిల్లీలీటర్ల చొప్పున 16 కప్పులవుతాయి. మూడు నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే చాలు. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి. మంచు పలుకులు ఆ వలను తెంపేస్తాయి, తర్వాత జెల్లీ నీళ్లు వదులుతుంది.

వోడ్కాను ముందే ఎందుకు పోయకూడదు? ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది. మరిగే నీళ్లలో పోస్తే కొంత ఆవిరైపోతుంది, పక్కన పొయ్యి వెలుగుతూ ఉంటే ఆ ఆవిరి అంటుకునే ప్రమాదమూ ఉంది. పైగా ఆల్కహాల్ ఉన్న నీళ్లలో పొడి సరిగా కరగదు.

మోతాదు పెంచితే ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. జెలటిన్‌కు నీళ్లతో ఉన్న పొత్తు ఆల్కహాల్‌తో లేదు. చన్నీళ్లు మానేసి ఒక కప్పు వోడ్కా పోస్తే వల పలచబడి షాట్ మెత్తబడుతుంది. ఇంకా పెంచితే జెలటిన్ ద్రవంలో ఇమడలేక ముద్దగా విడిపోతుంది. గట్టి షాట్ కావాలనుకునేవాళ్లు రుచీ రంగూ లేని ఉత్త జెలటిన్ పొట్లం, ఏడు గ్రాములది, అదనంగా కలుపుతారు. దాన్ని నేరుగా వేడినీళ్లలో వేయకూడదు. ముందు చన్నీళ్ల మీద పలచగా చల్లి అయిదు నిమిషాలు నాననివ్వాలి. లేకపోతే పైపొర వెంటనే అంటుకుపోయి లోపల పొడి పొడిగానే మిగిలి ఉండలు కడుతుంది.

కనుగుడ్లు ఎలా?

అన్నిటిలోకీ నాకు ఇష్టమైనది ఇదే. దుకాణంలో గింజ తీసిన లిచీ పండ్ల డబ్బా దొరుకుతుంది. పాకం వంచి పక్కన పెట్టుకుని, పండ్లను కాగితం తువాలు మీద ఆరనివ్వండి. ఒక పండు చేతిలోకి తీసుకుంటే లేత తాటిముంజలా తెల్లగా, కాస్త లోపలికి కనబడేలా ఉంటుంది. గింజ ఉన్నచోట గుంట ఉంటుంది. ఆ గుంటలో పావు చెంచా స్ట్రాబెర్రీ జామ్ పెట్టి, ఒక బ్లూబెర్రీని దూర్చండి. బ్లూబెర్రీకి ఒకవైపు నక్షత్రంలాంటి మచ్చ ఉంటుంది. అది లోపలికి, నున్నటి వైపు బయటికి రావాలి. నొక్కినప్పుడు జామ్ లిచీ అంచు చీలికల్లోకి ఎర్రగా పాకుతుంది. నిద్రలేని కంట్లో నరాల్లా అదే కనబడుతుంది, వేరే రంగు వేయక్కర్లేదు.

చెర్రీ జెల్లీని కప్పులో సగం పోసి, వేలితో తాకితే అంటుకునేంత పేరుకున్నాక కన్నును పైకి చూసేలా కూర్చోబెట్టి, మిగతా జెల్లీ దాని నడుము దాకా పోయాలి. పొరలన్నిటికీ ఇదే లెక్క. కింది పొర మరీ గట్టిపడితే పైది అతుక్కోదు, మరీ పలచగా ఉంటే కలిసిపోతుంది. పైన పోసేది వేడిగా ఉండకూడదు, లేదంటే కింది పొర కరిగిపోతుంది. చన్నీళ్ల బదులు లిచీ పాకం పోస్తే రుచి బాగుంటుంది.

పురుగులు?

వంగే స్ట్రాలను పూర్తిగా సాగదీసి, కట్టగా కట్టి, పొడవాటి గ్లాసులో కదలకుండా నిలబెట్టాలి. రాస్ప్‌బెర్రీ జెల్-ఓ రెండు పొట్లాలు, ఉత్త జెలటిన్ ఒక పొట్లం, రెండు కప్పుల నీళ్లు, అర కప్పు వోడ్కా, అర కప్పు క్రీమ్, నాలుగు చుక్కల ఆకుపచ్చ రంగు. క్రీమ్‌లోని కొవ్వు బిందువులు వెలుతురును చెదరగొడతాయి కాబట్టి జెల్లీ గాజులా మెరవకుండా మట్టిరంగు మాంసంలా కనబడుతుంది. క్రీమ్ ఆఖర్న, గోరువెచ్చగా అయ్యాకే కలపాలి. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, ఒక్కో స్ట్రాను గోరువెచ్చని నీళ్ల కింద రెండు క్షణాలు పట్టుకుని పైనుంచి వేళ్లతో నొక్కుకుంటూ వస్తే పురుగు జారుతుంది. స్ట్రా వంపు దగ్గర ఉండే మడతలే దాని ఒంటి మీద కణుపులవుతాయి. చాక్లెట్ బిస్కెట్ల పొడి మీద వేస్తే మట్టిలోంచి వచ్చినట్టే ఉంటుంది.

చీకట్లో మెరిసేవి ఎలా చేస్తారు?

నీళ్ల బదులు టానిక్ వాటర్ వాడతారు. మనకు మలేరియా మందుగా తెలిసిన క్వినైన్ అందులో కొద్దిగా ఉంటుంది. అది అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలి వెలుగుగా వదులుతుంది. కాబట్టి ఆ కాంతినిచ్చే బ్లాక్ లైట్ ఉంటేనే మెరుపు. లైట్ ఆర్పేస్తే ఏమీ ఉండదు. నిమ్మ రుచి జెల్లీ అయితే వెలుగు బయటికి వస్తుంది, ముదురు ఎరుపు దాన్ని మింగేస్తుంది. క్వినైన్ పడనివాళ్లు, గర్భిణులు ఉంటారు కాబట్టి ఆ పళ్లెం పక్కన చీటీ రాసి పెట్టాలి. మెరిసే ప్లాస్టిక్ కడ్డీలను విరిచి ఆ ద్రవాన్ని ఆహారంలో కలపడం ఎంతమాత్రం కూడదు. పొగ కోసం డ్రై ఐస్ వాడితే అది బయటి గిన్నెలోనే ఉండాలి. మైనస్ 78 డిగ్రీల చల్లదనం నోటిని కాల్చేస్తుంది.

పచ్చి అనాస వేస్తే ఎందుకు నీరుగారుతుంది?

అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది ప్రొటీన్‌ను ముక్కలు చేస్తుంది, జెలటిన్ ప్రొటీనే. బొప్పాయి, కివి, అంజీర, పచ్చి అల్లం అన్నిటిదీ ఇదే సంగతి. డబ్బాలో వచ్చే అనాసను ముందే వేడి చేసి ఉంటారు కాబట్టి దాంతో ఇబ్బంది లేదు.

శాకాహారులకు?

జెలటిన్ ఎక్కువగా పంది, పశువుల నుంచి తీస్తారు. మన పార్టీలకు వచ్చేవాళ్లలో ఇది తినకూడనివాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లకు అడక్కుండానే చెప్పడం ఇంటివాళ్ల ధర్మం. ఇండియన్ స్టోర్లలో దొరికే చైనా గ్రాస్, అంటే అగర్ అగర్, సముద్రపు నాచు నుంచి వస్తుంది. దాన్ని నీళ్లలో పూర్తిగా కరిగేదాకా మరిగించాలి. గది వేడికి చల్లారకముందే, దాదాపు 35 నుంచి 40 డిగ్రీల మధ్య, పేరుకోవడం మొదలవుతుంది కాబట్టి వోడ్కాను ఫ్రిజ్‌లోంచి తీసి పోయకుండా కాస్త వెచ్చబరిచి త్వరగా కలపాలి. మళ్లీ కరగాలంటే 85 డిగ్రీలు కావాలి. అందుకే బల్ల మీద ఎంతసేపున్నా చెక్కుచెదరదు, నోట్లో కూడా కరగదు, నమలాలి. కన్ను ఆకారాలకు అది నప్పుతుంది, పురుగులకు నప్పదు.

ఎన్ని తినొచ్చు?

అమెరికా లెక్కలో ఒక డ్రింక్ అంటే 14 గ్రాముల ఆల్కహాల్, 40 శాతం వోడ్కాలో 44 మిల్లీలీటర్లు. పైన చెప్పిన అర కప్పు వోడ్కాలో ఇంచుమించు రెండు ముప్పావు డ్రింకులున్నాయి. అంటే ఆరు షాట్లు తింటే ఒక డ్రింక్ తాగినట్టు. వోడ్కా రెట్టింపు చేస్తే మూడు షాట్లకే ఆ లెక్క వస్తుంది. గ్లాసులో పోసుకున్నప్పుడు ఎంత తాగామో కంటికి కనబడుతుంది. షాట్ క్షణంలో గొంతు దిగుతుంది, తీపి మందు ఘాటును కప్పేస్తుంది, ఖాళీ కప్పులు పక్కకు పోతాయి. అందుకని పళ్లెం పక్కనే ఈ లెక్క రాసి పెట్టండి, ఖాళీ కప్పులు ఎవరివి వాళ్ల ముందే ఉంచమనండి. మందు ముట్టనివాళ్లకు, కారు నడిపేవాళ్లకు వోడ్కా లేనివి ఆకుపచ్చ కప్పుల్లో వేరే పళ్లెంలో పెట్టాలి.

పిల్లలున్న ఇల్లయితే నేను ఆ వారం వాళ్లకు జెల్లీ చేయవద్దంటాను. రెండూ ఒకేలా ఉంటాయి, ఒకే ఫ్రిజ్‌లో ఉంటాయి. చిన్నపిల్లల ఒంట్లో ఆల్కహాల్ రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా పడగొడుతుంది. పొరపాటున తిన్నారని అనుమానం వస్తే అమెరికాలో పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222కి వెంటనే ఫోన్ చేయాలి, పిల్లవాడు మగతగా ఉంటే నేరుగా 911కి. మిగిలిన షాట్లను మర్నాటికి దాచకండి. ఆ రాత్రే కప్పులన్నీ సింక్‌లో బోర్లించి వేడినీళ్లు వదిలితే నిమిషంలో కరిగిపోతాయి.