సూపర్‌మాన్ నిజంగా అంత గొప్పవాడా?

మా ఇంట్లో ఈ మధ్య ఒక తగాదా వచ్చింది. చదువు గురించో, సెల్‌ఫోన్ గురించో కాదు, సూపర్‌మాన్ గురించి. "సూపర్‌మాన్ ఒట్టి బోర్ నాన్నా! బులెట్ తగలదు, దెబ్బ తగలదు. అలాంటివాడు గెలిస్తే గొప్పేముంది? బాట్‌మాన్ మామూలు మనిషి, దెబ్బలు తిని గెలుస్తాడు" అన్నాడు పదిహేనేళ్ళ మా అబ్బాయి.

నాకు కొంచెం రోషం వచ్చిన మాట నిజం. చిన్నప్పుడు నేను చూసిన మొదటి సూపర్‌మాన్ ఎన్.టి. రామారావు గారు. 1980లో వచ్చిన ఆ తెలుగు సినిమాలో ఆయనకి శక్తులు ఇచ్చింది ఏ గ్రహమో కాదు, సాక్షాత్తూ ఆంజనేయస్వామి! అసలు సూపర్‌మాన్ అమెరికావాడని నాకు తెలిసింది ఆ తరవాతే. కొడుకు చేతిలో వాదన ఓడిపోవడం ఇష్టం లేక పాత కామిక్ పుస్తకాలూ, వాటి చరిత్రా తిరగేశాను. మావాడి మాట సగం రైటు, సగం తప్పు అని తేలింది.

ముందు రైటయిన సగం చెబుతాను. 1938లో ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికలో సూపర్‌మాన్‌కి ఎగరడం రాదు. ఒక ఫర్లాంగు దూరం గెంతగలడు, ఎక్స్‌ప్రెస్ రైలుకన్నా వేగంగా పరిగెత్తగలడు, అంతే. ఫిరంగి గుండు పేలితే అతని చర్మం కూడా చీలుతుంది. తరవాత వచ్చిన రేడియో నాటకాలూ, కార్టూన్ సినిమాలూ అతన్ని గాల్లోకి ఎగరేశాయి. పోనుపోను గ్రహాలనే పక్కకి నెట్టేసేంత బలం వచ్చిపడింది. బలం పెరిగినకొద్దీ కథ పలచబడింది. అంత బలవంతుణ్ణి ఇరకాటంలో పెట్టాలంటే క్రిప్టొనైట్ అనే రాయి కావలసి వచ్చింది. అది కూడా 1943లో రేడియో నాటకంలోనే మొదట వినబడింది. కాబట్టి, బలానికి వచ్చిన పేరే అయితే దాన్ని మావాడికి వదిలేస్తాను.

ఇక తప్పయిన సగం. సూపర్‌మాన్‌ని సృష్టించింది క్లీవ్‌లాండ్‌లో ఒకే హైస్కూల్లో చదువుకున్న జెర్రీ సీగెల్, జో షుస్టర్. ఇద్దరూ యూరప్ నుంచి వలస వచ్చిన యూదుల పిల్లలు. దేశమంతా ఆర్థికమాంద్యంలో కుంగిపోయి ఉన్న రోజులవి. వాళ్ళ హీరో తొలి సంచికల్లో పోరాడింది వేరే గ్రహాల రాక్షసులతో కాదు. పెళ్ళాన్ని కొడుతున్న మొగుణ్ణి పట్టుకున్నాడు. చెయ్యని హత్యకి మరణశిక్ష పడ్డ ఆడమనిషి కోసం అర్ధరాత్రి గవర్నర్ ఇంటి తలుపు బద్దలు కొట్టాడు. మూడో సంచికలో, కూలీల ప్రాణాలు లెక్కచెయ్యని గని యజమానిని అతని గనిలోనే ఇరుక్కునేలా చేసి బుద్ధి చెప్పాడు. పైగా అతనూ మనలాంటివాడే. పుట్టిన చోటు ఒకటి, పెరిగిన చోటు ఇంకొకటి. కన్నవాళ్ళు పెట్టిన పేరు కాల్-ఎల్, ఆఫీసులో క్లార్క్ కెంట్. నా పేరుని కూడా ఆఫీసులో రెండు అక్షరాలకి కుదించేశారు కాబట్టి ఆ సంగతి నాకు బాగానే అర్థమయింది.

అయితే అన్నీ వెనకేసుకు రాలేను. యుద్ధం రోజుల్లో, 1943లో, ఒక సంచిక అట్టమీద జపాన్ వాళ్ళని కించపరిచే మాటే అతని నోట పెట్టారు. అమెరికాలోనే పుట్టి పెరిగిన జపనీయుల్ని క్యాంపుల్లో నిర్బంధించి ఉంచిన రోజులవి. వాళ్ళ పిల్లలు ఆ అట్ట చూసి ఉంటే ఏమనుకుని ఉంటారు? ఇక న్యాయం కోసం పోరాడే ఈ హీరో హక్కులన్నీ సీగెల్, షుస్టర్ల దగ్గర కొన్నది 130 డాలర్లకి. ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగినా హక్కులు తిరిగి రాలేదు. చివరికి 1975లో పింఛనూ, పుస్తకాల మీద వాళ్ళ పేర్లూ దక్కాయి.

మరి ఆ పేరు నిలబెట్టిందేమిటి? నా మటుకు 1946 నాటి రేడియో నాటకం. పదహారు భాగాలు. ఊళ్ళోకి కొత్తగా ఒక చైనా కుటుంబం వస్తుంది. వాళ్ళబ్బాయి టామీ బేస్‌బాల్ జట్టులో బాగా ఆడతాడు. అది సహించలేని వాళ్ళు, ముసుగులు వేసుకుని శిలువలు తగలబెట్టే ముఠాతో ఆ ఇంటి మీదకి వస్తారు. కూ క్లక్స్ క్లాన్‌కి పేరు మార్చి పెట్టిన ముఠా అది. సూపర్‌మాన్ ఆ ముఠా పని పడతాడు. అమెరికా అంతటా పిల్లలు రేడియోలో ఇది విన్నారు. చైనీయ మూలాలున్న వలస కుటుంబంలో పుట్టిన జీన్ లుయెన్ యాంగ్ 2019లో ఈ కథనే మళ్ళీ కామిక్‌గా రాశాడు.

ఆ పాత రికార్డింగు దొరికితే కార్లో పెట్టాను. రెండు భాగాలు అయ్యేదాకా మావాడు మాట్లాడలేదు. తరవాత కిటికీలోంచి బయటికి చూస్తూ, "పోయినేడు మా టీమ్‌లో ఒకడు నన్ను మీ దేశం పొమ్మన్నాడు నాన్నా" అన్నాడు. ఏడాదిగా ఆ సంగతి మాకు చెప్పలేదు. "అప్పుడు ఎవరేమన్నారు?" అని అడిగాను. "ఎవరూ ఏమీ అనలేదు" అన్నాడు.

ఆ "ఎవరూ ఏమీ అనలేదు" అన్న మాటే ఇప్పటికీ నన్ను పట్టుకుని ఉంది. అక్కడ ఎవరికీ ఎగరడం రానక్కర్లేదు. ఒక్కరు నోరు విప్పితే సరిపోయేది. సూపర్‌మాన్‌కి ఆ పేరు తగునా అంటే, బయటివాడి పక్కన నిలబడినప్పుడల్లా తగును, నిలబడనప్పుడు తగదు. మన పిల్లలకీ, మనకీ కూడా అదే లెక్క అనుకుంటాను.

ఇంటికొచ్చాక మావాడు, "అయినా బాట్‌మానే బెటర్" అన్నాడు. నేను వాదించలేదు. లోపలికి వెళ్తూ వెనక్కి తిరిగి, "ఇంకా పధ్నాలుగు భాగాలున్నాయి కదూ?" అని మాత్రం అడిగాడు.