బడిలో పేరుంది, బిడ్డ ఇంట్లో ఉంది



నడవలేని బిడ్డను, మాట రాని బిడ్డను బడికి పంపడం ఎందుకని ఇంట్లోనే ఉంచే తల్లిదండ్రులు మన పల్లె సంఘాల్లో ఇంకా ఉన్నారు. వారిని తప్పుపట్టే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ప్రభుత్వం ఇచ్చే సహాయం ఎక్కడ దొరుకుతుందో వారికి ఎవరూ చెప్పలేదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం మాత్రమే కాదు, చదవడంలో రాయడంలో ఉండే ప్రత్యేక ఇబ్బంది కూడా అందులో ఉంది. మొద్దు అనిపించుకొని వెనుక బెంచీలో కూర్చున్న పిల్లవాడు కూడా ఈ లెక్కలోకి రావచ్చు. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉంటే 6 నుండి 18 ఏళ్ల వరకు ఉచితంగా చదువుకొనే హక్కు ఉంది. దగ్గరలోని బడిలోనా, ప్రత్యేక పాఠశాలలోనా అన్నది కుటుంబం ఎంచుకోవచ్చు.

మన రెండు రాష్ట్రాల్లోనూ సమగ్ర శిక్ష కింద మండల కేంద్రాల్లో భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. ప్రత్యేక శిక్షణ పొందిన టీచర్లు అక్కడ ఉంటారు. కొన్ని రోజులలో ఫిజియోథెరపీ చేస్తారు. మంచం దిగలేని బిడ్డ ఉంటే టీచరే ఇంటికి వచ్చి నేర్పే ఏర్పాటు ఉంది. వెంట వచ్చేవారికి, రవాణాకు భత్యం, ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల చొప్పున పది నెలలు స్టైఫండ్ ఉన్నాయి. ఆ 200 ఈ రోజుల్లో ఏ మూలకు వస్తుందని అడిగితే మా దగ్గర జవాబు లేదు.

అసలు చిక్కు మరొకటి. బిడ్డను కేంద్రానికి తీసుకువెళ్ళిన రోజు తల్లికి కూలి పోతుంది. రెండు బస్సులు మారాలి. నెల తిరిగేసరికి మానేస్తుంది. రిజిస్టరులో పేరు అలాగే ఉంటుంది, బిడ్డ మాత్రం గడప దాటదు.

ముందుగా ప్రధానోపాధ్యాయుని కలవండి. సర్టిఫికెట్ వచ్చేదాకా బడిలో చేర్చడం ఆపనక్కరలేదు. కాని పింఛనుకు, పదో తరగతి పరీక్షలో అదనపు సమయానికి, రాసిపెట్టే సహాయకునికి అది కావాలి. మీసేవలోగాని సచివాలయంలోగాని అడిగి స్లాట్ తీసుకుంటే, ఆసుపత్రిలో వైద్యులు పరీక్షించి శాతం నిర్ణయిస్తారు.

చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం వంటివి ఇవ్వడానికి ముందు కొలతల క్యాంపు పెడతారు. ఆ తేదీ బడి ద్వారానే తెలుస్తుంది. ఒకసారి తప్పిపోతే మళ్ళీ క్యాంపు పెట్టేదాకా ఆగాలి. ఆ లోపు బిడ్డ పెరుగుతుంది, నడుము వంకర పెరుగుతుంది.

ఏ ఇంట్లో అలాంటి బిడ్డ ఉందో సండే స్కూలు టీచర్లకు తెలుసు. క్యాంపు రోజున ఆ తల్లితో పాటు బస్సెక్కే మనిషిని ఒకరిని ముందే మాట్లాడి పెట్టండి.